డెనిస్ లా కథను మడమ దగ్గరే ఆపేస్తారెందుకు?

స్కాట్లాండ్ ఫుట్‌బాల్ ఆటగాడు డెనిస్ లా పేరెత్తగానే ఫుట్‌బాల్ లోకం 1974 ఏప్రిల్ 27కు వెళ్లిపోతుంది. ఆ రోజు ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మాంచెస్టర్ సిటీ తరఫున ఆడుతున్న లా, అంతకుముందు పదకొండేళ్లు తాను ఆడిన మాంచెస్టర్ యునైటెడ్ మీదనే మడమతో గోల్ చేశాడు. సంబరాల మాట అటుంచి, తలైనా ఎత్తకుండా మైదానం విడిచి వెళ్లాడు. జనం లోపలికి దూసుకొచ్చారు, ఆట ఆగిపోయింది, యునైటెడ్ రెండో డివిజన్‌కు దిగజారింది. తల్లిలాంటి క్లబ్బును తన మడమతోనే ముంచాడన్న కథ అప్పటి నుంచీ నడుస్తోంది. అందులో కీలకమైన భాగమే అబద్ధం. పతనం తప్పించుకోవడానికి యునైటెడ్‌తో పోటీపడుతున్న బర్మింగ్‌హామ్ సిటీ అదే రోజు 2-1తో నార్విచ్‌ను ఓడించింది కనుక, లా ఆ బంతిని తాకినా తాకకపోయినా యునైటెడ్‌కు పతనం తప్పేది కాదు.

ఆ లెక్క తప్పు అని అందరికీ తెలిసినా కథ మాత్రం చావదు, ఎందుకంటే అది క్లబ్బుకు అనుకూలంగా ఉంది. ద్రోహమంటూ ఉంటే దానిని ఆటగాడి ఖాతాలో వేయడం సులువు. అంతకు ఏడాది ముందు, 1973లో, మేనేజర్ టామీ డొకర్టీ హయాంలో యునైటెడే అతన్ని ఫ్రీ ట్రాన్స్‌ఫర్ మీద, అంటే బదిలీ రుసుమేమీ లేకుండా, వదిలించుకుంది. ఆ కబురు లాకు తన సొంత ఊరు అబర్డీన్‌లో ఉండగా టీవీ ద్వారా తెలిసింది. క్లబ్బు చరిత్రలో నేటికీ చెదరని రికార్డుగా ఒకే సీజన్‌లో, 1963-64లో, 46 గోల్స్ చేసినవాడికి, మొత్తం 404 మ్యాచ్‌లలో 237 గోల్స్ అందించినవాడికి దక్కిన వీడ్కోలు అది. ఎవరు ఎవరికి ద్రోహం చేసినట్లు?

లా వృత్తి జీవితాన్ని మొదటి నుంచీ చూస్తే ఈ ప్రశ్న ఇంకా పదునెక్కుతుంది. ట్రాలర్ల మీద చేపలు పట్టే జాలరి కొడుకు, మెల్లకన్ను, కళ్లద్దాలు, బక్కపలచని శరీరం; హడర్స్‌ఫీల్డ్ టౌన్ అతన్ని పదహారేళ్లకే బరిలోకి దింపింది. 1960లో మాంచెస్టర్ సిటీ 55,000 పౌండ్లిచ్చి కొన్నది, అది అప్పటికి బ్రిటన్‌లో రికార్డు. మరుసటి ఏడాది ఇటలీలోని టొరీనో 1,10,000 పౌండ్లు పెట్టింది, 1962లో యునైటెడ్ 1,15,000 పౌండ్లు చెల్లించింది. సంతలో ఎద్దు చేతులు మారినట్లు మారిన ఈ సొమ్ములో సింహభాగం క్లబ్బుల మధ్యనే తిరిగింది. లా సిటీకి వచ్చిన నాటికి ఇంగ్లండ్‌లో ఆటగాడి జీతానికి వారానికి 20 పౌండ్ల గరిష్ఠ పరిమితి ఉండేది. అది 1961 జనవరిలో గానీ తొలగలేదు. టొరీనో తనను యువెంటస్‌కు అమ్మజూస్తోందని తెలిసినప్పుడు అతను చేసిన పని విమానమెక్కి అబర్డీన్ వెళ్లిపోవడం. ఒప్పందానికి కట్టుబడలేదని ఇటలీలో గగ్గోలు పుట్టింది గానీ, తనను అడగకుండా తనను అమ్మే ఒప్పందానికి ఏ మనిషైనా ఎందుకు కట్టుబడాలి?

1964లో యూరప్‌లో ఆ ఏటి ఉత్తమ ఆటగాడికిచ్చే బ్యాలన్ డి'ఓర్ అందుకున్న లా, ఆ పురస్కారం పొందిన ఒకే ఒక్క స్కాటిష్ ఆటగాడిగా ఈనాటికీ మిగిలాడు. స్కాట్లాండ్ తరఫున 55 మ్యాచ్‌లలో 30 గోల్స్ చేశాడు. స్కాట్లాండ్‌కే ఆడిన కెన్నీ డాల్‌గ్లిష్ కూడా 30 గోల్సే చేశాడు గానీ, అతను ఆడినవి 102 మ్యాచ్‌లు. ఇంత గొప్పవాడు 1966లో జీతం కాస్త పెంచమని అడిగితే, మేనేజర్ మ్యాట్ బస్బీ అతని పేరును ఏకంగా అమ్మకాల జాబితాలో పెట్టారు. లా బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్న తర్వాతే ఆ వివాదం సద్దుమణిగింది. బస్బీ దయాళువైన పెద్దాయన అని చదువుకుంటూ పెరిగిన అభిమానులకు ఈ ఘట్టం రుచించదు, అందుకే అది స్మరణ వ్యాసాల్లో అరుదుగా కనిపిస్తుంది.

మోకాలి సంగతి మరీ ఘోరం. నొప్పిని అణచే కార్టిజోన్ సూదులు పొడిపించుకుని బరిలోకి దిగడం ఆ రోజుల్లో మామూలు. లా కూడా అలాగే ఆడాడు. 1968 మే 29న వెంబ్లీలో యునైటెడ్ తొలిసారి యూరప్ క్లబ్బుల అత్యున్నత పోటీ యూరోపియన్ కప్ గెలుస్తుంటే, మోకాలి శస్త్రచికిత్స కోసం చేరిన ఆసుపత్రి మంచం మీద నుంచి ఆ ఆటను టీవీలో చూశాడు. అంతకు ఏడాది ముందు అదే వెంబ్లీలో ప్రపంచ విజేత ఇంగ్లండ్‌ను స్కాట్లాండ్ 3-2తో ఓడించినప్పుడు తొలి గోల్ అతనిదే.

నాటి వైద్య పరిజ్ఞానం అంతేనని, క్లబ్బులేవీ కావాలని హాని చేయలేదని, పేద ఇంటి కుర్రాడికి పేరూ బతుకూ ఇచ్చింది కూడా ఆ క్లబ్బులేనని వాదించేవారున్నారు. సూదుల విషయంలో ఉద్దేశం చెడ్డది కాదన్న మాటను ఒప్పుకోవచ్చు. అయితే ఆటగాడి శరీరాన్ని వాడుకున్న సంస్థ, ఆ వాడకపు ఫలితం బయటపడ్డాక బాధ్యత తీసుకోవడానికి ఉద్దేశంతో పనేముంది?

ఆ ఫలితం మోకాలితో ఆగలేదు. అయిదడుగుల తొమ్మిదంగుళాల మనిషి, తనకంటే పొడవైన డిఫెండర్ల తలల మీదుగా గాలిలో నిలబడినట్లు ఎగిరి తలతో కొట్టిన హెడర్లే లాకు ప్రత్యేక ముద్ర. 2021లో, 81 ఏళ్ల వయసులో, తనకు జ్ఞాపకశక్తిని, ఆలోచనను క్షీణింపజేసే డిమెన్షియా వచ్చిందని అతనే ప్రకటించాడు. 2025 జనవరి 17న కన్నుమూశాడు. సహచరులు నాబీ స్టైల్స్, బాబీ చార్ల్‌టన్ కూడా డిమెన్షియాతో పోరాడి వెళ్లిపోయినవారే. ఒక్కొక్కరి విషయంలో కారణాన్ని తేల్చి చెప్పలేం గానీ, మొత్తం మీద చూసినప్పుడు లెక్క స్పష్టంగానే ఉంది. స్కాట్లాండ్ మాజీ వృత్తి ఆటగాళ్లు నాడీ క్షీణత వ్యాధులతో మరణించే అవకాశం సామాన్యుల కంటే సుమారు మూడున్నర రెట్లు ఎక్కువని గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తేల్చారు. బంతిని తలతో కొట్టే అవసరం అంతగా లేని గోల్‌కీపర్లలో ఆ ప్రమాదం పెద్దగా పెరగలేదని 2021లో చూపించారు. మ్యాచ్‌కు ముందు రోజూ తర్వాతి రోజూ సాధనలో హెడర్లు వద్దని స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘం 2022లో చెప్పింది. అది రేపటి ఆటగాళ్లకు పనికొస్తుంది, నిన్నటి వారికి కాదు.

ఓల్డ్ ట్రాఫర్డ్ ముందు సహచరులు జార్జ్ బెస్ట్, చార్ల్‌టన్‌ల పక్కన లాకు కంచు విగ్రహం ఉంది, అబర్డీన్‌లో మరొకటి వెలిసింది. ఒక్క ఆటగాడి కోసం కోట్ల పౌండ్లు చేతులు మారుతున్న ఈ రోజుల్లో, ప్రతి బదిలీ రుసుము నుంచి కొంత భాగాన్ని విధిగా కోసి, డిమెన్షియాతో బతుకుతున్న పాత ఆటగాళ్ల సంరక్షణకు జమ చేయమని క్లబ్బులను అడగడం అత్యాశేమీ కాదు. అది దానం కిందికి రాదు, 1960 నుంచి పేరుకున్న బాకీ కిందికి వస్తుంది.