బస్సు ముందే పోయుండె, మేడమ్

ఇప్పుడే మా అమ్మాయి స్కూలు నుంచి వచ్చాను. చొక్కా కూడా మార్చలేదు. మార్చుకుని మంచినీళ్ళు తాగితే కోపం చల్లారిపోతుందేమో, చల్లారితే ఇది రాయలేను.

పాప తొమ్మిదో తరగతి. యూనిట్ టెస్టులో ఖాళీలు పూరించమని ఒక వాక్యం ఇచ్చారు. మేం స్టాండుకు చేరకముందే బస్సు వెళ్ళిపోయిందని దానర్థం. 'ద బస్ లెఫ్ట్ బిఫోర్ వుయ్ రీచ్డ్ ద స్టాండ్' అని రాసింది. దానికి ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన 'హ్యాడ్ లెఫ్ట్' అని రాసి, ఒక మార్కు కోసేశారు. ఫలానా టెన్స్ వాడమని ప్రశ్నలో ఎక్కడా లేదు. రెండుసార్లు చూశాను. కాయితం వెనక్కి తిప్పి కూడా చూశాను.

మనిషన్నాక పొరపాటు, అడిగితే దిద్దుతారులే అని కొట్టు మూసి మరీ పోయాను. యూనివర్సిటీ దగ్గర నా డీటీపీ కొట్టు మీలో చాలామందికి తెలుసు. హాల్ టికెట్ల సీజన్లో మధ్యాహ్నం షట్టరు దించడమంటే ఏమిటో కూడా తెలుసు. గంటసేపు వరండాలో నిలబెట్టాక మేడమ్ వచ్చారు. కాయితం వంక చూడనైనా చూడలేదు. 'పాస్ట్‌లో రెండు పనులు జరిగితే ముందు జరిగినదానికి హ్యాడ్ రావాల్సిందే సార్. రూల్ ఈజ్ రూల్. ఐ యామ్ టీచింగ్ దిస్ సిన్స్ ట్వెల్వ్ ఇయర్స్.'

సిన్స్. ట్వెల్వ్. ఇయర్స్.

ఏడుకొండలవాడా! నాలుక చివరి దాకా వచ్చింది, మింగేశాను. అక్కడ కక్కితే పాపకు వచ్చే టెస్టులో ఇంకో రెండు మార్కులు గోవిందా. అందుకే ఇక్కడ కక్కుతున్నాను.

పన్నెండేళ్ళుగా చెబుతున్నారా? అయితే 'ఐ హ్యావ్ బీన్ టీచింగ్ ఫర్ ట్వెల్వ్ ఇయర్స్'. ఎంతకాలమో చెబితే ఫర్, ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్. సిన్స్ 2012, సిన్స్ సోమవారం, సిన్స్ పెళ్ళయిన రోజు. ఈ తప్పు ఎవరు చేసినా నాకు కోపం రాదు, మనకు రెండింటికీ 'నుంచి' ఒక్కటే కాబట్టి. పన్నెండేళ్ళ నుంచి, 2012 నుంచి. రోజుకు పది బయోడేటాలు టైపు కొడతాను, అందులో తొమ్మిదింట్లో ఇదే ఉంటుంది. 'రెండేళ్ళ ముందు'ను తీసుకెళ్ళి 'బిఫోర్ టూ ఇయర్స్' చేసేవాళ్ళూ అంతే మంది. టూ ఇయర్స్ ఎగో అని నేనే మార్చేస్తాను, పైసా అదనంగా తీసుకోను. కానీ ఆ బయోడేటా తెచ్చే కుర్రాళ్ళు ఎవరి మార్కులూ కోయడం లేదు కదా!

మేడమ్ గారి రూలుకే వద్దాం. రెండు పనులుంటే హ్యాడ్ రావాల్సిందేనట. తిరుమల కొండ మీదికి మనకు రెండు ఘాట్ రోడ్లున్నాయి. మొదటిది 1944లో తెరిచారు, రెండోది 1974లో. 'ద ఫస్ట్ వాజ్ ఓపెన్డ్ బిఫోర్ ద సెకండ్' అంటే ఏది ముందో ఎవరికైనా అనుమానం ఉంటుందా? బిఫోర్ అనే మాట ఆ పని చేసేసింది. హ్యాడ్ పెడితే తప్పు కాదు, పెట్టకపోతే అసలే తప్పు కాదు. అదే, రెండో రోడ్డు తెరిచే నాటికి మొదటిది వాడుకలోకి వచ్చి 30 ఏళ్ళయింది అని చెప్పాలంటే, అప్పుడు కావాలి హ్యాడ్. అంటే 1974లో నిలబడి వెనక్కి చూస్తున్నాం. అక్కడ 'హ్యాడ్ బీన్ ఇన్ యూజ్ ఫర్ థర్టీ ఇయర్స్' అని తీరాలి.

వెన్ వచ్చినప్పుడు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 'వెన్ వుయ్ రీచ్డ్, ద బస్ లెఫ్ట్' అంటే మనం చేరాం, అప్పుడు బస్సు కదిలింది. పరిగెత్తితే ఎక్కొచ్చు. 'హ్యాడ్ లెఫ్ట్' అంటే మనం చేరేసరికే అది పోయింది, ఆటో మాట్లాడుకోవాల్సిందే. తేడా ఇదీ, మేడమ్. పిల్లలకు చెప్పాల్సింది ఇదీ. ఎర్ర సున్నా కాదు.

ఇంకొకటి, ఇది నా కొట్టు బాధ. మొన్న ఒకాయన కాలనీ అసోసియేషన్ తరఫున ఉత్తరం రాయించుకోవడానికి వచ్చారు. నీళ్ళు వదిలే టైము గురించి. 'అవర్ టైమింగ్ ఈజ్ ఎర్లియర్ దాన్ యూ' అట! టైమును మనిషితో పోలుస్తారా సార్, 'యువర్స్' అనాలి అంటే, 'నువ్వు టైపు కొట్టబ్బా, అర్థమవుతుంది' అన్నారు. అర్థమవుతుంది, నిజమే. పైగా ఆయనే 'మోర్ ఎర్లియర్' అని ఇంకో వాక్యంలో పెట్టించారు, గట్టిగా చెప్పినట్టు ఉంటుందట. డబ్బులిచ్చేది ఆయన. కొట్టాను.

ఇంటికొస్తూ దారంతా ఆలోచిస్తే, నా కడుపుమంట ఈ మేడమ్ మీద కాదనిపించింది.

1996. నేను ఎనిమిదో తరగతి. పాకాల పక్క పల్లె నుంచి బస్సులో బడికి వచ్చేవాణ్ణి. ఒకరోజు బస్సు తప్పిపోయి, సైకిలెనక కూర్చుని, రెండో పీరియడ్‌కి చేరాను. ఇంగ్లీషు అయ్యవారు ఎందుకు లేటు అన్నారు. 'నేను వచ్చేతలికి బస్సు పోయుండె సార్' అన్నాను. 'పోయుండె!' అని ఆయన సాగదీసి అన్నారు. క్లాసంతా నవ్వు. 'పోయుండె, వచ్చుండె, తినుండె... ఇదేం తెలుగురా, మనుషులు మాట్లాడేదేనా? వెళ్ళిపోయింది అనాలి.' బెంచీ ఎక్కించారు. బెంచీ మీద నిలబడే ఆ రోజు పాఠం విన్నాను. పాఠం ఏమిటో తెలుసా? పాస్ట్ పర్ఫెక్ట్. 'ద బస్ హ్యాడ్ లెఫ్ట్' అని బోర్డు మీద రాసి, 'ఇది తెలుగులో ఉండదు, కాబట్టి బట్టీ కొట్టండి' అన్నారు.

ఉండదా సార్? నేను పది నిమిషాల క్రితం దాన్నే చెప్పినాను కదా సార్!

'మామ వచ్చుండాడు' అంటే వచ్చి ఇప్పుడూ ఇంట్లోనే ఉన్నాడు, హ్యాజ్ కమ్. 'మామ వచ్చుండె' అంటే అప్పటికే వచ్చి ఉన్నాడు, హ్యాడ్ కమ్. చిత్తూరు జిల్లాలో చదువు రాని ముసలమ్మ కూడా ఈ రెండూ ఎప్పుడూ కలిపేయదు. 'నో సూనర్' తర్వాత దాన్ రావాలా వెన్ రావాలా అని డిగ్రీ పిల్లలు నా దగ్గర కొట్టుకుంటారు. 'ఇట్లా బస్సు దిగినానో లేదో, అట్లా వాన పట్టుకునె' అనేవాడికి 'ఇట్లా' అంటే 'అట్లా' రావాలని ఎవరు నేర్పారు? నో సూనర్ అంటే దాన్ కూడా అంతే. ఆ ముక్క ఒక్కరైనా మన మాటతో చెప్పి ఉంటే, నేను డిగ్రీ దాకా హ్యాడ్ అంటే వణికేవాణ్ణా?

కేంబ్రిడ్జిలో చదివొచ్చి ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ అయిన కట్టమంచి రామలింగారెడ్డి గారిది చిత్తూరు పక్క కట్టమంచే. సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు చిన్నప్పుడు చదివింది మన తిరుపతి మిషన్ బళ్ళో. అయినా టీవీలో, సినిమాలో మన యాస వస్తే రౌడీ రావాలి, లేకపోతే వంటవాడు రావాలి. బళ్ళో వస్తే బెంచీ ఎక్కాలి. ఈ 'వెళ్ళిపోయింది' వాళ్ళకు ముందు ఏదో, వెనక ఏదో చెప్పడానికి 'అప్పటికే' అని ఇంకో మాట తగిలించుకోవాల్సి వస్తుంది, మనకు ఆ అవసరం కూడా లేదు. ఆ, నేను కూడా ఈ పోస్టు వాళ్ళ తెలుగులోనే రాస్తున్నాను, గమనించాను. 1996 నుంచి అలవాటు చేసుకున్నది. సిన్స్ 1996.

ఇంటికొచ్చి మా అమ్మకు ఇదంతా చెప్పాను. ఆమె సంతకం కూడా తెలుగులో కూడబలుక్కుని పెడుతుంది. అంతా విని అడిగింది: 'పాప ఏమని రాసింది? బస్సు ముందు పోయిందనే కదా?'

అవునమ్మా.

'ముందు అని రాసినాక ఇంకా ఏం రాయాలంట?'

సోమవారం మళ్ళీ పోతున్నాను. పాపేమో ఒక్క మార్కే కదా నాన్నా, వదిలెయ్, క్లాసులో నన్ను చూస్తారు అని ఏడుపు మొహం పెట్టింది. అమ్మ మాత్రం తానూ వస్తానంటోంది. బస్సు ఎన్నింటికని ఇప్పటికి మూడుసార్లు అడిగింది.