రిచీ మెకే రెండో రాక

మార్చిలో జరిగే జాతీయ టోర్నీ ముగింపుకొచ్చేసరికి అమెరికా కళాశాల బాస్కెట్‌బాల్‌లో ఏటా కోచ్‌ల వలస మొదలవుతుంది. చిన్న కాన్ఫరెన్సులో, అంటే తమలో తాము పోటీపడే కళాశాలల చిన్న కూటమిలో, రెండు మూడేళ్లు గెలిపించిన వ్యక్తిని పెద్ద విశ్వవిద్యాలయం తీసుకుపోతుంది. కొన్నేళ్లకు ఆయన పాత చోటికే తిరిగి వస్తే, పై మెట్టు నుంచి జారిపడ్డారని క్రీడాలోకం జాలిపడుతుంది. అక్కడి క్యాంపస్‌లలో చదువుతూ ఈ టోర్నీ సందడిని కళ్లారా చూస్తున్న తెలుగు విద్యార్థులకు ఈ మాటలు కొత్త కావు. ఆ జాలి అనవసరమని మా అభిప్రాయం. కోచ్ తిరిగి రావడం మంచిదా, కాదా అన్నది ఆయన బయట ఏం నేర్చుకున్నారు, వచ్చాక ఆ సంస్థ ఎంత ఓపిక పట్టింది అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. వర్జీనియా రాష్ట్రంలోని లించ్‌బర్గ్‌లో ఉన్న లిబర్టీ విశ్వవిద్యాలయం, దాని కోచ్ రిచీ మెకే ఉదంతం ఇందుకు తగిన సాక్ష్యం.

పోర్ట్‌లాండ్ స్టేట్, కొలరాడో స్టేట్, ఒరెగాన్ స్టేట్, న్యూ మెక్సికో జట్లకు శిక్షణ ఇచ్చాక మెకే 2007లో లిబర్టీకి వచ్చారు. తొలి ఏడాది జట్టు 16 గెలిచి 16 ఓడింది. రెండో ఏడాది 23 విజయాలు సాధించింది. ఆ రెండో ఏడాదే సెత్ కర్రీ అనే కొత్త విద్యార్థి సగటున మ్యాచ్‌కు 20.2 పాయింట్లు చేసి, దేశంలోని మొదటి సంవత్సరం ఆటగాళ్లందరిలో ముందు నిలిచాడు. సీజన్ ముగియగానే అతడు డ్యూక్ విశ్వవిద్యాలయానికి మారిపోయాడు. మెకే కూడా 2009లోనే వెళ్లిపోయారు. అయితే ఆయన వెళ్లింది మరో జట్టుకు ప్రధాన కోచ్‌గా కాదు. సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో ప్రధాన కోచ్ టోనీ బెన్నెట్ దగ్గర సహాయకుడిగా చేరారు. పదమూడేళ్లు ప్రధాన కోచ్‌గా పనిచేసిన మనిషి మరొకరి పక్కన కూర్చుని పాఠం నేర్చుకోవడానికి సిద్ధపడటం ఆ వృత్తిలో అరుదు. ఆయన జీవితంలో మాకు అన్నింటికంటే గౌరవం కలిగించే ఘట్టం ఇదే.

అక్కడ ఆరేళ్లలో ఆయన ఒంటబట్టించుకున్నది టోనీ తండ్రి డిక్ బెన్నెట్ రూపొందించిన ప్యాక్ లైన్ రక్షణ పద్ధతి. బంతి పట్టినవాడి మీద ఒకరే ఒత్తిడి తెస్తారు. మిగిలిన నలుగురు మూడు పాయింట్ల గీతకు లోపల ఒక ఊహాగీత దాటకుండా నిలబడి, బుట్ట వైపు దారులు మూసేస్తారు. ఎత్తులో, వేగంలో పెద్ద జట్లతో సరితూగలేని ఆటగాళ్లు కూడా క్రమశిక్షణతో ఆడగలిగే పద్ధతి ఇది. మేటి ఆటగాళ్లను తెచ్చుకునే స్తోమత లేని లిబర్టీ వంటి చోటికి కావలసింది సరిగ్గా అదే. ఇంట గెలిచి రచ్చ గెలవమని మన పెద్దలు చెబుతారు. మెకే రచ్చలో నేర్చుకొచ్చిన విద్యతో ఇంట గెలిచారు.

ఆ గెలుపు వెంటనే రాలేదు. 2015లో తిరిగి వచ్చిన తర్వాతి సీజన్‌లో జట్టు 13 గెలిచి 19 ఓడింది. 2018 మార్చిలో బిగ్ సౌత్ కాన్ఫరెన్స్ తుదిపోరులో రాడ్‌ఫర్డ్ చేతిలో 55–52తో, చివరి క్షణంలో పడిన మూడు పాయింట్ల షాట్‌కు ఓడిపోయింది. ఈ స్థాయి కాన్ఫరెన్సుల నుంచి సాధారణంగా విజేతకు మాత్రమే జాతీయ టోర్నీలో చోటు దక్కుతుంది కాబట్టి, ఆ ఒక్క షాట్‌తో ఏడాది శ్రమ కొట్టుకుపోయింది. అయినా విశ్వవిద్యాలయం తొందరపడలేదు. మరుసటి ఏడాది ఏ-సన్ కాన్ఫరెన్స్‌కు మారిన లిబర్టీ 29 విజయాలు సాధించి, జాతీయ టోర్నీలో మిసిసిపి స్టేట్‌ను 80–76తో ఓడించింది. ఆ టోర్నీలో లిబర్టీకి అదే తొలి గెలుపు. 2020లో 30 మ్యాచ్‌లు గెలిచి కాన్ఫరెన్స్ టైటిల్ నిలబెట్టుకున్నా, కొవిడ్ వల్ల టోర్నీయే రద్దయింది. ఆ పిల్లలకు జరిగిన నష్టాన్ని పూడ్చేది ఏదీ లేదు. 2018లో చేరిన డేరియస్ మెక్‌గీ అయిదేళ్లూ లిబర్టీకే ఆడాడు. సెత్ కర్రీ ఏడాదికే వెళ్లిపోయిన చోట మెక్‌గీ అన్నేళ్లు ఆడటం, మెకే మొదటి రాకకూ రెండో రాకకూ ఉన్న తేడాను స్కోర్ల కన్నా బాగా చెబుతుంది.

తిరిగి వచ్చిన ప్రతివారి కథా ఇలా సాగదు. జేవియర్ విశ్వవిద్యాలయం అట్లాంటిక్-10 కాన్ఫరెన్స్‌లో ఉన్న రోజుల్లో దాని జట్టును నడిపించి 2009లో అరిజోనా విశ్వవిద్యాలయానికి వెళ్లిన కోచ్ షాన్ మిల్లర్‌ను, అరిజోనా 2021లో తొలగించింది. 2022లో జేవియర్ ఆయనను మళ్లీ పిలిచింది. 2025 మార్చిలో మిల్లర్ జట్టు టెక్సస్‌ను 86–80తో ఓడించింది. వారం తిరగకుండానే ఆయన అదే టెక్సస్‌కు కోచ్‌గా వెళ్లిపోయారు. ఇందులో నియమ భంగం ఏదీ లేదు. కానీ మూడేళ్లకే రెండోసారి వదిలివెళ్లిన వ్యక్తి చేతిలో ఒక జట్టు వేళ్లూనుకుంటుందని జేవియర్ అభిమానులు పెట్టుకున్న నమ్మకం నిలబడలేదు.

ఇకముందు లిబర్టీలాంటి కథ మరింత కష్టం కానుంది. 2009లో కళాశాల మారిన కర్రీ ఒక ఏడాది ఆటకు దూరంగా ఉండాల్సి వచ్చింది. 2024లో వచ్చిన మార్పుతో, చదువులో నిబంధనలు పాటించే ఆటగాడు ఎన్నిసార్లయినా మారి వెంటనే ఆడే వీలు కలిగింది. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో విశ్వవిద్యాలయం తన ఆటగాళ్లకు తొలి ఏడాది 2025–26లో దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు నేరుగా పంచే వీలు కలిగింది. ఇన్నేళ్లు తమ శ్రమకు ప్రతిఫలం పొందని విద్యార్థులకు డబ్బు దక్కడం న్యాయమే. దాన్ని వెనక్కి తీసుకోమని మేము కోరము. అయితే అంత ఇవ్వలేని మధ్యశ్రేణి కళాశాలలు తీర్చిదిద్దిన ఆటగాళ్లను ఏటా పెద్దవి తీసుకుపోతుంటే, నాలుగేళ్ల ఓర్పుతో ఫలించే మెకే తరహా శిక్షణకు చోటెక్కడ? ఆటగాడు మారినప్పుడు అతడిని తీర్చిదిద్దిన కళాశాలకు కొంత పరిహారం దక్కే ఏర్పాటును కళాశాల క్రీడలను పర్యవేక్షించే సంస్థ ఎన్‌సీఏఏ పరిశీలించాలి. ఫుట్‌బాల్‌లో యువ ఆటగాళ్లకు శిక్షణ ఇచ్చిన క్లబ్బులకు ఫిఫా నియమాలు అటువంటి హక్కును ఎప్పటినుంచో కల్పిస్తున్నాయి.