పావలా మిషను

మొన్న మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పులిహోర బాగుందని అందరూ అన్నారు. ఆ ట్రేలు దేనిమీద పెట్టి వడ్డించారో మాత్రం ఎవరూ చూసినట్టు లేరు. నా వాషింగ్ మిషను మీద.

కోపంలో రాయొద్దని మా ఆయన అంటే రెండు నెలలు ఆగాను. కోపం తగ్గింది, ఉక్రోషం తగ్గలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

"మన వారసత్వం" స్టాలుకి ఇళ్ళలో ఉన్న పాత వస్తువులు తెమ్మని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. ప్రతి ఏడూ ఆ బల్ల మీద ఏముంటాయో మీకు తెలిసిందే. రోలు, తిరగలి, చేట, కవ్వం, ఇత్తడి బిందెలు, ఏటికొప్పాక బొమ్మలు, ఎవరింట్లోదో తీగలు తెగిన వీణ. ఈసారి నేను 60ల నాటి మేట్యాగ్ కంపెనీ కాయిన్ మిషను తీసుకొచ్చాను. డబ్బులేస్తే గానీ తిరగని రకం. పద్నాలుగు నెలలు గ్యారేజీలో కూర్చుని బాగుచేసింది. ట్రక్కు అద్దెకు తీసుకుని, చెల్లెలి కొడుకులిద్దర్నీ బతిమాలి, తెల్లారకముందే స్కూలు ఆడిటోరియం వెనక గుమ్మం దగ్గరికి చేర్చాను.

వాలంటీరు కుర్రాడు మర్యాదగానే, "ఆంటీ, ఇది ఫొటోల్లో బాగోదేమో, కాస్త పక్కన పెడదామా" అన్నాడు. సరేనన్నాను. ఈలోగా అటుగా వచ్చిన కమిటీ పెద్దాయన చూసి, "ఏమ్మా, ఇక్కడ చాకిరేవు పెట్టేస్తున్నావా?" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. రెండు నెలలుగా నన్ను నిద్రపోనివ్వనిది ఆయన మాట కాదు, నా నవ్వు. మధ్యాహ్నానికి మిషను భోజనాల హాలులో తుడుపు కర్రల పక్కకి చేరింది. మూత చదునుగా ఉంది కదా అని ట్రేలు పెట్టేశారు.

ఆ మిషను మన వారసత్వం ఎలా అవుతుందని అడిగినవాళ్ళకి ఆ రోజు నేను సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. మాటలు తడుముకున్నాను. ఇప్పుడు చెబుతాను, కాస్త ఓపిక పట్టండి.

1996లో నేను, ఇక్కడ ఉద్యోగానికి వచ్చినవాళ్ళ భార్యాభర్తలకిచ్చే హెచ్‌4 వీసా మీద, టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో దిగాను. సూట్‌కేసు అడుగున బీఎస్సీ ఫిజిక్స్ పట్టా, పైన ఆవకాయ. హెచ్‌4 వాళ్ళు ఉద్యోగం చేసే వీల్లేని రోజులవి. కొందరికైనా ఆ పర్మిషన్ 2015లో గానీ రాలేదు. ఉన్న ఒక్క కారూ పొద్దున్నే ఆయనతో ఆఫీసుకి పోయేది. నేను నడిచి వెళ్ళగలిగిన చోటు ఒకటే, అపార్ట్‌మెంట్ల వెనక లాండ్రీ రూము. ఆరు మిషన్లు, నాలుగు డ్రయర్లు, ఒక విరిగిన కుర్చీ. వచ్చిన తొమ్మిదో రోజున, డ్రయర్ల మోత మధ్యలోంచి "ఒసేయ్, నీ లంగా నా దాంట్లో పడింది" అని వినపడింది. నాకు ఏడుపొచ్చింది. ఆ మాట అన్నావిడ ఇప్పుడు హ్యూస్టన్‌లో ఉంది, ఇద్దరు మనవలు.

చీర నేరుగా వేస్తే మిషను మధ్యలో తిరిగే ఎజిటేటర్‌కి తాడులా చుట్టుకుని ముడిపడిపోతుందని, దిండు గలీబులో పెట్టి మూతి కట్టి వేయాలని ఆవిడే చెప్పింది. ఎవరు నెల తప్పారో, ఎవరాయనని ప్రాజెక్టు లేక బెంచి మీద కూర్చోబెట్టారో, ఇండియా వెళ్ళేవాళ్ళలో ఎవరి సూట్‌కేసులో రెండు కేజీల చోటుందో, అన్నీ అక్కడే తెలిసేవి. మన సంఘం పుట్టకముందే ఆ రూములో మాకో సంఘం ఉండేది. చందా మాత్రం క్వార్టర్లలో, అంటే పాతిక సెంట్ల బిళ్ళల్లో. ఉతకడానికి మూడు, ఆరబెట్టడానికి మూడు. వాటిని మేం పావలాలనేవాళ్ళం. బ్యాంకులో పది డాలర్ల నోటిచ్చి నలభై పావలాల రోలు తెచ్చుకుని హార్లిక్స్ సీసాలో పోసుకునేదాన్ని. దుకాణంలో చిల్లరిచ్చేటప్పుడు పావలాలు తప్ప మిగతావన్నీ ఇచ్చే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

ఓ నెలాఖరున సీసా ఖాళీ. రెండే పావలాలున్నాయి. మా ఆయన పర్సులో మన రూపాయి బిళ్ళ ఒకటి కనబడింది. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి కదా అని బిళ్ళలు పెట్టి లోపలికి తోసే స్లైడ్‌లో మూడో గుంటలో పెట్టి బొటనవేలితో బలంగా నొక్కాను. క్వార్టర్ వ్యాసం 24.26 మిల్లీమీటర్లు. అప్పటి రూపాయిది 25. ఆ ముప్పాతిక మిల్లీమీటరు దగ్గర స్లైడ్ బిగుసుకుపోయింది. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. బట్టలు తీసుకుని దొంగలా ఇంటికొచ్చేశాను.

మంగళవారం చిల్లర తీసుకెళ్ళే మనిషి వచ్చాడు, చాలా పొడుగాటి ముసలాయన. గుండ్రటి గొట్టం లాంటి తాళంచెవితో పెట్టె తెరిచి, స్లైడ్ ఊడదీసి, రూపాయిని అరచేతిలో పెట్టుకుని తిప్పితిప్పి చూశాడు. తర్వాత నావైపు చూశాడు. ఆ కాంప్లెక్సులో ఏడు తెలుగు కుటుంబాలున్నాయి గనక నేరం ఎవరిదైనా కావచ్చు. ఆయన విచారణ జరపలేదు. రూపాయి నా చేతిలో పెట్టి, ఇలా రా అని పిలిచి, లోపల ఏముందో చూపించాడు. ఒక్కో గుంట కిందా ఒక చిన్న మీట. సరైన సైజు బిళ్ళ సరిగ్గా కూర్చుంటేనే అది తప్పుకుంటుంది. అన్నీ తప్పుకుంటే స్లైడ్ చివరిదాకా వెళ్ళి టైమర్‌ని తడుతుంది. బిళ్ళలు డబ్బాలో పడతాయి. అక్కడినుంచి గడియారం లాంటి చిన్న మోటారు పళ్ళచక్రాలను తిప్పుతుంటే నీళ్ళు పట్టడం, ఉతకడం, వంపడం, పిండడం వరసగా జరిగిపోతాయి. దాంట్లో కంప్యూటర్ లేదు, చిప్పూ లేదు. డిగ్రీ మూడేళ్ళలో ఏ లెక్చరరూ నాకు ఫిజిక్స్‌ని అంత అందంగా చూపించలేదు.

పిల్లలు కాలేజీలకి వెళ్ళాక ఆ మిషన్లు మళ్ళీ గుర్తొచ్చాయి. మనం ఉంటున్న ప్రాంతం ఈ విషయంలో పుణ్యక్షేత్రం లాంటిదని అప్పుడే తెలిసింది. 1934లో మన పక్కనున్న ఫోర్ట్‌వర్త్‌లోనే నాలుగు కరెంటు మిషన్లు పెట్టి గంటకింత అని అద్దెకిచ్చారు. ఇలాంటి దుకాణాల్లో మొదటిదిగా దాన్నే చెబుతారు. పేరు వాషటేరియా. టెక్సాస్‌లో ఇప్పటికీ బోర్డుల మీద ఆ మాటే కనిపిస్తుంది. లాండ్రోమాట్ అన్నది మొదట వెస్టింగ్‌హౌస్ కంపెనీ తన మిషనుకి పెట్టుకున్న పేరు. మినరల్ వెల్స్‌లో ఒక వాషటేరియాలోనే పాత మిషన్ల మ్యూజియం పెట్టారు. కొలరాడోలో ఈటన్ అనే ఊళ్ళో లీ మాక్స్‌వెల్ అనే రిటైర్డ్ ప్రొఫెసర్ వెయ్యికి పైగా మిషన్లు పోగేశారు. నా దగ్గరున్నవి నాలుగే. అందులో రెండు విడిభాగాల కోసమే. మా ఆయన కారు మాత్రం ఆరేళ్ళుగా ఎండలోనే ఉంది.

ఉగాదికి తెచ్చింది ఓ వాషటేరియా మూసేస్తుంటే అరవై డాలర్లకి కొన్నది. సీళ్ళు ఎండిపోయాయి, బెల్టులు పెళుసెక్కాయి, అడుగంతా తుప్పు. తాళంచెవి లేదు. ఏడు పిన్నుల తాళం, డ్రిల్లు పెట్టి తీయడానికి ఒక ఆదివారం పట్టింది. లోపల డాలరున్నర చిల్లర, ఒక హెయిర్‌పిన్ను దొరికాయి. స్లైడ్‌లో గట్టిపడ్డ సబ్బుపొడి, ఏనాటిదో చూయింగ్ గమ్. దాన్ని కడిగి ఆరబెట్టి గ్రాఫైట్ పొడి వేశాను. నూనె వేయకూడదు, దుమ్ము పట్టి ముద్దయిపోతుంది. ఈ మిషన్లో నాకు భలే నచ్చింది మోటారు. ఒకవైపు తిరిగితే ఉతుకుతుంది, అదే మోటారు వెనక్కి తిరిగితే టబ్బుని గిర్రున తిప్పి నీళ్ళు పిండుతుంది. 1967 నుంచి టీవీ ప్రకటనల్లో మేట్యాగ్ కంపెనీ రిపేరు మనిషిని పనిలేక ఈగలు తోలుకునేవాడిలా చూపించేవాళ్ళు. ఆ కంపెనీ 2006లో చేతులు మారింది. మరుసటేడు అయోవాలోని న్యూటన్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. దాంతో రిపేరు మనిషి ఉద్యోగం నాకొచ్చింది.

ఇక చాకిరేవు సంగతి.

ఊరి మీద నాకు పెద్ద బెంగ లేదు. ఉన్నట్టు నటించను కూడా. మాది తెనాలి పక్కన. కాలువ గట్టున రేవు. పెద్ద బానలో చౌడు నీళ్ళు, పైన బట్టల గుట్ట, కింద తాటాకుల మంట. ఆ ఉబ్బ వాసన బడికి వెళ్ళే దారంతా వచ్చేది. తడి, పొగ, కాస్త పుల్లదనం. బండ మీద బట్ట పడ్డ చప్పుడు మనిషి చెయ్యి పైకి లేచాక వినపడేది. దూరం వల్ల అలా అవుతుందని తర్వాత చదువుకున్నాను. జీడిగింజతో పెట్టిన నల్ల గుర్తు చూసి, మా బట్టలు ఉతికే ఆవిడ ఇరవై ఇళ్ళ బట్టల్లో మాది ఇట్టే తీసేది. మా అమ్మ పద్దు పుస్తకంలో పెన్సిల్‌తో రాసుకుంటే, ఆవిడ ఒక్క అక్షరం రాకుండా అంతా నోటితో అప్పజెప్పేది. పద్దు తేడా వస్తే మా అమ్మదే తప్పయ్యేది, ఒప్పుకునేది మాత్రం కాదు.

చూశారా, బెంగ లేదన్నాను.

ఇప్పుడు అసలు మాట. ఆవిడ పేరు నాకు తెలియదు. పద్దెనిమిదేళ్ళు మా మైల బట్టలు ఉతికిన మనిషి. మా నాయనమ్మ వయసు. నేను ఆరేళ్ళ పిల్లని, ఆవిడని "ఏమే చాకలీ" అని పిలిచేదాన్ని. ఎవరూ తప్పనలేదు. సాయంత్రం పెరటి గుమ్మం అవతల గిన్నె పట్టుకుని నిలబడేది. కోతలయ్యాక, ఏడాది పనికి కూలిగా ఇచ్చే మేర ధాన్యం కొలిచేటప్పుడు మా తాత కుంచం అంచు దాకా నింపేవాడు కాదు. మడీ ఆచారం అంటూ మన సంఘం వేదికల మీద కళ్ళు చెమర్చి మాట్లాడేవాళ్ళంతా ఆ గుమ్మానికి ఇవతలివైపు పెరిగినవాళ్ళే. నాతో సహా. అమెరికా వచ్చి పావలాల సీసా పట్టుకుని మన గుడ్డలు మనమే మోసుకెళ్ళిన రోజున ఆ గుమ్మం దాటామనుకున్నాను. "చాకిరేవు పెట్టావా" అంటే అందరికీ నవ్వొచ్చిందంటే దాటలేదన్నమాట. ఉగాది రోజు సాయంత్రమే స్టేజి మీద ఓ పాప చాకలి ఐలమ్మ ఏకపాత్ర వేసింది. విసునూరు దేశ్‌ముఖ్‌ని ఎదిరించే చోట హాలంతా లేచి నిలబడింది. 2024లో హైదరాబాద్ కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి ఆవిడ పేరు పెడితే మన పత్రిక కూడా రాసింది. మధ్యాహ్నం నవ్వినవాళ్ళే సాయంత్రం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

కమిటీ వైపు న్యాయం లేదనను. ఆ మిషనుని కదపాలంటే నలుగురు పట్టాలి. స్కూలువాళ్ళ నేల మీద గీత పడితే డిపాజిట్ పోతుంది. ఆ స్టాలు పెట్టిందే ఇక్కడ పుట్టిన పిల్లలకి అక్కడి ఇల్లు ఎలా ఉండేదో చూపడానికి. అయోవాలో తయారైన ఇనప డబ్బా తెలుగుదెలా అవుతుందన్నదీ మంచి ప్రశ్నే. పైగా ఒక్క లోడుకి నలభై గ్యాలన్ల నీళ్ళు తాగే పాత రకం, దాన్ని పొగిడి పిల్లలకి ఏం నేర్పుతామని మా అమ్మాయే అడిగింది. అన్నీ ఒప్పుకుంటాను.

కానీ ఒక్కటి ఆలోచించండి. ఆ బల్ల మీది తిరగలిని మనలో ఎంతమంది తిప్పాం? నేను తిప్పలేదు. మా అమ్మమ్మ తిప్పింది. ఆ స్లైడ్‌ని మాత్రం నేనే తోశాను, మీరూ తోశారు. ఎమ్మెస్‌కి వచ్చినవాళ్ళు, హెచ్‌1 మీద ఉద్యోగానికొచ్చినవాళ్ళు, నాలాంటి హెచ్‌4 వాళ్ళు, అందరం. ముప్పై ఏళ్ళు ఒకచోట బతికితే అక్కడా మనకో పాతకాలం ఏర్పడుతుంది. దాన్ని చెత్తలో పడేసి ఏటా అదే రోలు మోసుకొస్తున్నాం. మీ గ్యారేజీలో, అటక మీద ఏమున్నాయో చూడండి. కాలింగ్ కార్డులు, విజిటర్ వీసా మీద వచ్చిన అత్తగారు నాలుగు నెలలు కప్పుకున్న కోటు, మొదటి అపార్ట్‌మెంట్ తాళంచెవి. దసరాకి నాకు ఎనిమిది అడుగుల చోటివ్వండి. నేల మీద వేయడానికి ప్లైవుడ్ చెక్క నేనే తెస్తాను, ఇన్సూరెన్స్ కాగితం మీదా సంతకం చేస్తాను. ఎర్తింగ్ మీటరు పెట్టి చూసుకున్నాను, షాకు కొట్టదు. పక్కనే ఒక బాన, ఒక బండ, ఒక జీడిగింజ పెడదాం. ఆ వృత్తి చేసిన కుటుంబాల వాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. మనం అడగలేదు గనక వాళ్ళు చెప్పలేదు. పిలిచి కుర్చీ వేసి చెప్పమందాం. చాకిరేవు అన్న మాటని ఇక హాస్యానికి వాడొద్దు. ఇదొక్కటీ కమిటీ తీర్మానంగా రాసుకుంటే ట్రేల సంగతి నేను మర్చిపోతాను.

ఆ రోజు భోజనాలయ్యాక ఒకావిడ చెయ్యి కడుక్కుని నా మిషను దగ్గర ఆగింది. నా వయసే ఉంటుంది, పరిచయం లేదు. ఖాళీ ట్రేని పక్కకి జరిపి, బొటనవేలు స్లైడ్ మీద పెట్టి తోసింది. బిళ్ళలు లేవు గనక అది కదల్లేదు. పక్కనున్న కూతురు ఏంటమ్మా అదంటే, "అయ్యో, చిల్లర తేలేదే" అని తనలో తనే అనుకుంటూ వెళ్ళిపోయింది. నేను పర్సులో పావలాలు వెతికేలోపే జనంలో కలిసిపోయింది.

ఆవిడ ఇది చదువుతుంటే, మిషను మా గ్యారేజీలోనే ఉంది. మూడు పావలాలు స్లైడ్‌లో పెట్టే ఉంచాను. శనివారాలు ఇంట్లోనే ఉంటాను. ఉతకాల్సిన బట్టలు తెచ్చుకున్నా అభ్యంతరం లేదు, చీరైతే మాత్రం గలీబు తెచ్చుకోండి.