మా తోటకి అడవి పరీక్ష

ఇందాకే జంగారెడ్డిగూడెం దగ్గర మా పామాయిల్ తోటకి ట్యాబ్ పట్టుకుని ఓ అమ్మాయి వచ్చింది. సస్టైనబుల్ సర్టిఫికెట్ కోసం సర్వే అట, అంటే అడవులు కొట్టకుండా పండించిన నూనె అని చెప్పే కాగితం. మొదటి ప్రశ్నే, "అంకుల్, ఈ తోట వేయడానికి అడవి ఏమన్నా కొట్టారా?"

నాన్న గెలలు కోసే కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "అడివేంటమ్మా, ఇది పొగాకు చేను" అన్నాడు. ఇంకా నయం, ఒరంగుటాన్లు ఎటెళ్ళాయని అడగలేదు. పామాయిల్ కోసం ఆ ఒరంగుటాన్ల అడవులు పోయింది ఇండోనేషియా, మలేషియా వైపు, సుమత్రాలో, బోర్నియోలో. పరీక్షేమో ఎకరానికి 57 మొక్కలు లెక్కపెట్టి నాటుకున్న మాకు!

తర్వాత ఫోన్ పట్టుకుని గట్టు చుట్టూ నడవాలట, మ్యాప్ కోసం. బోదె దాటగానే సిగ్నల్ పోయింది. మళ్ళీ మొదట్నుంచి. మూడు రౌండ్లు. నాన్నవి అసలే అరిగిన మోకాళ్ళు.

ఇంతా చేశాక మా గెలలు ఫ్యాక్టరీలో ఊరందరి గెలల్లో కలిసిపోతాయి. కోసిన గెల ఆలస్యమైతే నూనె చెడుతుంది, అక్కడ ఎవరివి వాళ్ళకి విడిగా ఎవడు ఆడతాడు? దానికీ ఓ పేరుంది, మాస్ బ్యాలెన్స్. సర్టిఫికెట్ ఉన్న నూనె, లేని నూనె ఒకే ట్యాంకులో పోసుకోవచ్చు, పుస్తకంలో లెక్క కుదిరితే చాలు. పాలల్లో నీళ్ళు కలిపి "లీటర్లు విడిగా రాశానండీ" అంటే పాలవాడిని వదిలేస్తామా? ఇంకోటుంది, బుక్ అండ్ క్లెయిమ్. అందులో నూనె కదలక్కర్లేదు, కాగితం అమ్ముకోవచ్చు!

"టన్నుకి ఎంత ఎక్కువిస్తారమ్మా?" అని నాన్న అడిగాడు. "అది ఈ ఫారంలో లేదంకుల్."

ఎందుకుంటుంది! అసలు సర్టిఫికెట్ కావాల్సింది ఫ్యాక్టరీ నూనె లెక్కకి. గెలలో నూనె ఎంత శాతమని తేలుస్తారో దాన్ని బట్టే మన రేటు, ఏటా అక్కడే గొడవ. నచ్చకపోతే ఇంకో ఫ్యాక్టరీకి తోలుకోవడానికి లేదు, 1993 ఆయిల్ పామ్ చట్టం పేరు చెప్పి మండలాన్నే ఒక కంపెనీకి రాసిచ్చేశారు. 2025 మే చివర్లో ముడి పామాయిల్ దిగుమతి సుంకం 20 నుంచి 10 శాతానికి దించి బయటి నూనెని చవక చేసినప్పుడు మాత్రం "అంకుల్, మీకు గిట్టుబాటవుతుందా" అని ఏ ట్యాబూ మా గుమ్మం తొక్కలేదు.

వెళ్తూ వెళ్తూ నాన్నకి ఓ జత గ్లౌజులిచ్చి ఫొటో తీసుకుంది. ఆయన వేళ్ళకి సగం దాకా కూడా ఎక్కలేదు. ఇప్పుడవి బోరు స్టార్టర్ డబ్బా మీద వేలాడుతున్నాయి.