‘ఓవర్’ గారికి, విశాఖ చాప్టర్ నుంచి

విశాఖపట్నం,
ఆదివారం సాయంత్రం

మహారాజశ్రీ ఓవర్ గారికి,

నమస్కారములు. ఉభయ కుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. బీపీలూ షుగర్లూ మామూలే. మీరూ ఎక్కడో క్షేమంగానే ఉన్నారని తలుస్తాను. ఎక్కడున్నారో మాత్రం తెలీదు. ఈరోజు మా నేవీ సిగ్నల్ స్కూలు పూర్వ విద్యార్థుల చాప్టర్ మీటింగులో మూడు గంటలు వెతికాను. కనపడలేదు.

లాంఛనాలు అయిపోయాయి కాబట్టి ఇక ‘నువ్వు’ అంటాను. పదిహేనేళ్ళు ఒకే హెడ్‌ఫోన్‌లో కాపురం చేసినవాళ్ళం, మన మధ్య గారేంటి?

కొచ్చి సిగ్నల్ స్కూల్లో నిన్ను పరిచయం చేసిన రోజు నాకింకా గుర్తే. మా ఇన్‌స్ట్రక్టర్ వాకీటాకీ పైకెత్తి చూపించి, “ఈ బటన్ నొక్కినంతసేపూ నీకు చెవుల్లేవు” అన్నాడు. అంతే పాఠం. నొక్కితే మాట్లాడతావు, వినలేవు. వదిలితే వింటావు, మాట్లాడలేవు. అందుకని ‘నా మాట అయింది, ఇక నీ వంతు’ అని చెప్పడానికి ఒక మాట కావాలి. ఆ మాటవి నువ్వు. చుక్కలూ గీతల మోర్సు భాషలో అయితే నువ్వు ఒకే ఒక్క అక్షరం, ‘కె’. డా డి డా. ఆ మూడు చప్పుళ్ళు వినపడ్డాక గానీ అవతలివాడు కీ ముట్టుకోకూడదు. ముందే ముట్టుకున్నవాడు గ్రౌండు చుట్టూ ఎన్నిసార్లు పరిగెత్తాడో నేను చెప్పను, ఎందుకంటే వాణ్ణి నేనే.

బయటి ప్రపంచం నీకు ఎప్పుడూ న్యాయం చేయలేదు, ఒప్పుకుంటాను. సినిమాల్లో పోలీసాఫీసరు వాకీటాకీ పట్టుకుని ‘ఓవర్ అండ్ అవుట్’ అంటాడు. నువ్వొస్తే జవాబు కావాలని అర్థం, అవుట్ వస్తే జవాబు అక్కర్లేదని. రెండూ కలిపి వాడితే ‘భోజనం చేసి వెళ్ళండి, తలుపు వేసేశాం’ అన్నట్టు ఉంటుంది. ఇక తెలుగువాళ్ళ నోట్లో పడ్డాక నీ గతి అడగక్కర్లేదు. పెళ్ళిలో మేనమామ కాస్త ఎగిరితే ‘ఓవర్ చేస్తున్నాడు’. ఓవర్ యాక్షన్, ఓవర్ కాన్ఫిడెన్స్, ఓవర్ లోడ్. ‘ఇక చాలు’ అని చెప్పడానికి పుట్టినదానివి, మా దగ్గరికొచ్చి ‘మితిమీరింది’ అయి కూర్చున్నావు. సరే, వాళ్ళకి తెలీదు, వదిలెయ్. మాకేమయింది?

ఈరోజు సంగతి చెబుతాను. మీటింగు టెన్ థర్టీ అవర్స్‌కి. మేం సివిలియన్లలా పదిన్నర అనం. ‘అవర్స్’ అంటేనే మాకు తృప్తి. ఆ తృప్తితోనే పదకొండుంబావుకి ఒక్కొక్కరం చేరాం. గాజువాక, మల్కాపురం, గోపాలపట్నం, మర్రిపాలెం, అన్ని వైపుల నుంచీ వచ్చినవాళ్ళు ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద ఎవరు ఏ రెక్క తప్పు ఎక్కారో చెప్పుకోవడానికి ఇంకో పావుగంట. (చూశావా, అక్కడా నీ పేరుంది.)

తర్వాత మైకు. ముప్ఫైమంది రేడియో మనుషులం ఒక్క మైకు చుట్టూ మూగాం. మామూలు రేడియో తరంగాలు ఉప్పునీళ్ళలోకి దిగవనీ, వీఎల్‌ఎఫ్, అంటే బాగా తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం, అయితేనే కొన్ని మీటర్ల లోతు దాకా వెళ్తుందనీ, అందుకే తిరునెల్వేలి దగ్గర నేవీ స్థావరం ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్‌లో 1990 నుంచి దానికో స్టేషను నడుస్తోందనీ ఈ ముప్ఫైమందిలో ఎవర్ని నిద్రలేపి అడిగినా చెబుతారు. నీళ్ళ కింద ఉన్న సబ్‌మెరైన్‌కి కబురు పంపడం తెలిసినవాళ్ళం, మూడో వరసలో ఉన్న మనిషికి పంపలేకపోయాం. ఒకరు ఫ్యూజన్నారు, ఒకరు ఎర్తింగన్నారు, ఒకరు అసలు ఈ హాలు కట్టిన దిక్కే మంచిది కాదన్నారు. చివరికి వాచ్‌మన్ కొడుకు, ఎనిమిదో క్లాసు కుర్రాడు, వచ్చి చూసి, “అంకుల్, స్విచ్ ఆఫ్‌లో ఉంది” అని నొక్కి వెళ్ళిపోయాడు. మేం ముప్ఫైమందిమీ ఒకేసారి “అదే నేనూ చెప్పబోతున్నా” అన్నాం.

ప్రెసిడెంటు గారు లేచారు. మాస్టర్ చీఫ్‌గా రిటైరైన మనిషి, మంచివాడు, నాకు ఒకప్పుడు రక్తం ఇచ్చాడు కూడా. “రెండు మాటలు చెప్పి ముగిస్తాను” అన్నారు. నలభై ఏడు నిమిషాలు. సిగ్నల్ మెసేజి తలకట్టులో ఎన్ని మాటలున్నాయో ముందే లెక్క రాయాలి, అందుకున్నవాడు లెక్కపెట్టి సరిచూసుకోవాలి, తేడా వస్తే మళ్ళీ అడగాలి. ఈ లెక్కన ఆయన తలకట్టులో ‘రెండు’ అని ఉంది. తేడా వచ్చింది. కానీ మళ్ళీ అడిగే ధైర్యం ఎవరికుంది?

మన దేశంలో 2013 జులై దాకా టెలిగ్రాం ఉండేది. మాటకింతని డబ్బు కట్టాలి. అందుకే ‘నాన్న సీరియస్ వెంటనే రా’ అన్న నాలుగు మాటల్లో ఒక కుటుంబం కథంతా పట్టేది. చాప్టర్ చందా కూడా ఏడాదికింతని కాకుండా మాటకింతని పెడితే రెండేళ్ళలో సొంత భవనం కట్టుకోవచ్చని నా సలహా. లేచి చెప్పబోయాను. నా కంటే ముందు ఐదుగురు లేచారు.

ఐదుగురూ ఒకేసారి మాట్లాడారు. నీకు తెలుసు కదా, ఏఎంలో ఒకే ఫ్రీక్వెన్సీ మీద ఇద్దరు దూరితే రెండు గొంతులూ కలిసి రొద అవుతుంది. ఎఫ్‌ఎంలో అలా కాదు, బలమైన సిగ్నలే మిగులుతుంది, బలహీనమైనది ఉన్నట్టే తెలీదు. దాన్ని క్యాప్చర్ ఎఫెక్ట్ అంటారని స్కూల్లో బోర్డు మీద రాసి చెప్పారు. ఇంత బాగా మాత్రం చూపించలేదు. మా మీటింగు ఏఎంలో మొదలై ఎఫ్‌ఎంలో ముగుస్తుంది. ఎవరి గొంతు పెద్దదో ఆయన ప్రతిపాదన ‘ఏకగ్రీవం’.

నేను వెనక నుంచి చిన్నగా “క్యూఆర్‌టీ” అన్నాను. పంపడం ఆపమని మన పాత భాష. మీటింగు మొత్తంలో దానికి స్పందించింది ట్రెజరర్ ఒక్కడే. ‘క్యూఆర్’ అన్నంత వరకే ఆయన చెవిన పడినట్టుంది, చందా కట్టే క్యూఆర్ కోడ్ అట్ట పైకెత్తి నా వైపు చూపించాడు. ఐదొందలు కట్టాను.

అసలు ఎజెండా జ్ఞాపిక. వచ్చే వార్షికోత్సవానికి పెద్దలకిచ్చే జ్ఞాపిక మీద ఏ బొమ్మ ఉండాలి? టెలిగ్రాఫిస్టులు మోర్స్ కీ అన్నారు. సిగ్నల్‌మన్లు జెండాలు అన్నారు. నీకు తెలియని తగాదా కాదులే. ఓడలో ఒకళ్ళు లోపల ఫ్యాను కింద హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చున్నారు, ఒకళ్ళు బ్రిడ్జి మీద ఎండకీ ఉప్పుగాలికీ జెండాలు ఎగరేశారు. ఆ ఎండ ఇంకా దిగలేదు. “జెండా ఒక మైలు దాటితే కనపడదు గురూ” అని ఇటు నుంచి. “మీ కీ కరెంటు పోతే పేపర్‌వెయిట్ గురూ” అని అటు నుంచి. ఇరవై ఐదు నిమిషాలు. మధ్యే మార్గంగా ఒకాయన, బీచ్ రోడ్డులో కుర్సురా ఉంది కదా, ఆ సబ్‌మెరైన్ బొమ్మ వేద్దాం, ఊరందరికీ తెలుసు అన్నాడు. దానికీ మనకీ ఏం సంబంధం అని ఎవరో అడిగారు. వెనక బెంచీలోంచి జవాబొచ్చింది: “2002 నుంచి ఇసకలో నోరు మూసుకుని కూర్చుంది. ఆదర్శంగా పెట్టుకుందాం.” దీని మీద సబ్‌కమిటీ వేశారు.

క్యాంటీను, లైఫ్ సర్టిఫికెట్, మోకాళ్ళు, ఈ మూడు అంశాలూ ప్రతి మీటింగులో లాగే వచ్చాయి, పోయాయి.

సంతాప తీర్మానం దగ్గర మాత్రం నాకు కాస్త బాధేసింది. ఈ ఏడు ఇద్దరు పోయారు. లేచి నిలబడ్డాం, రెండు నిమిషాల మౌనం. నేను వాచీ చూశాను. నలభై సెకన్లకే “థాంక్యూ, కూర్చోండి” అన్నారు. అదే సముద్రం మీద ఒకప్పుడు ఎలా ఉండేది? ఐదొందల కిలోహెర్ట్జ్ మీద గంటకి రెండుసార్లు, పదిహేనో నిమిషం నుంచి పద్దెనిమిది దాకా, నలభై ఐదు నుంచి నలభై ఎనిమిది దాకా, ప్రపంచంలోని ఓడలన్నీ నోరు మూసేవి. ఎక్కడో ఎవరో మునిగిపోతూ సన్నగా పిలుస్తున్నారేమో వినడానికి. మర్చిపోకూడదని రేడియో రూము గడియారం మీద ఆ ముక్కలకి ఎర్రరంగు వేసేవాళ్ళు. 1999 ఫిబ్రవరిలో ఆపద కబుర్లకి కొత్త పద్ధతి పూర్తిగా వచ్చాక ఆ ఎర్రముక్కల అవసరం తీరిపోయింది. అలాంటి గడియారం ఒకటి పాత సామాను కొట్లో దొరికితే మా హాల్లో తగిలించాలని ఉంది.

నీ చుట్టాల సంగతి కూడా రాయాలి. ‘రోజర్’ అంటే అందింది. ‘విల్కో’ అంటే అందింది, చెప్పినట్టు చేస్తాను. ఇప్పుడు ఇద్దరి స్థానంలోనూ ఒక పసుపుపచ్చ బొటనవేలు వచ్చింది. ఈ మీటింగు గురించి గ్రూపులో పెడితే అరవై రెండు బొటనవేళ్ళు వచ్చాయి. అరవై రెండు సమోసాలు చెప్పాం. వచ్చింది ముప్ఫై. వేలు చూపించినవాళ్ళలో ‘అందింది’ ఎవరో, ‘వస్తాను’ ఎవరో, మనవడు ఫోను నొక్కింది ఎవరో ఎలా తెలుస్తుంది? మిగిలిన సమోసాలు వాచ్‌మన్ కొడుక్కి ఇచ్చాం. అర్హుడు.

ఏ, బీ, సీలకి బదులు రేడియోలో పలికే ఆల్ఫా, బ్రావో, చార్లీ మాత్రం ఇంకా మా నాలుక మీదే ఉన్నాయి, అవసరం లేని చోట. గాజువాక మిత్రుడు మొన్న కొరియర్ కుర్రాడికి ఫోన్లో అడ్రసు చెప్పాడు: “గోల్ఫ్, ఆల్ఫా, జూలియెట్, యూనిఫాం...” కుర్రాడు సగంలోనే ఆపి, “గోల్ఫ్ కోర్సు దగ్గరా అంకుల్, యూనిఫాంల షాపు దగ్గరా?” అన్నాడు. పార్సెల్ మూడు రోజులు ఊరంతా తిరిగింది.

నువ్వు మా మధ్య ఆఖరుసారి ఉన్నది, నాకు తెలిసి, 2014లో. అక్టోబరు 12, ఇలాగే ఆదివారం, హుద్‌హుద్ తుపాను ఊరి మీద పడింది. కరెంటు పోయింది, టవర్లు పోయాయి, జేబులో ఫోన్లు రాళ్ళయ్యాయి. సరదాకి సొంత సెట్లు నడిపే హామ్ రేడియో వాళ్ళు వాటిని మోసుకొచ్చి కబుర్లు అందిస్తున్నారని తర్వాత తెలిసింది. మర్నాడు నేను కంచరపాలెం నుంచి కూలిన చెట్లు దాటుకుంటూ మర్రిపాలెంలో మా వాడింటికి నడిచి వెళ్ళాను. అరుగు మీద కూర్చున్నాం. రేకులు పోయాయి, మనుషులం బాగున్నాం అన్నాను. ఆగాను. ట్యాంకు పోయింది, కొబ్బరిచెట్టు గోడ మీద పడింది, మనుషులం బాగున్నాం అన్నాడు. ఆగాడు. ఇంకెవరెవరి సంగతి తెలియాలో చీటీ మీద రాసుకుని, అతను గోపాలపట్నం వైపు, నేను మళ్ళీ ఇటు, పంచుకున్నాం. చీకటి పడేలోపు పదకొండుమంది ఆచూకీ దొరికింది. ఎవరూ నీ పేరు పైకి అనలేదు, కానీ ప్రతి మాట చివరా నువ్వున్నావు. ఎజెండా లేదు, మైకు లేదు. మా చాప్టర్ చరిత్రలో అంత మంచి మీటింగు నేను చూడలేదు. నాలుగు రోజులకి సిగ్నల్ తిరిగొచ్చింది, మళ్ళీ ఎవరికీ ఏదీ వినపడ్డం మానేసింది.

ఇంటికొచ్చాక మా ఆవిడ “ఏం మాట్లాడుకున్నారు?” అంది. చెప్పడం మొదలుపెట్టాను. మైకు, జ్ఞాపిక, నలభై సెకన్లు, అన్నీ. తను వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. మంచినీళ్ళు తాగడానికి ఆగాను.

“అయిపోయిందా?”

“అయిపోయింది.”

“నేను చెప్పొచ్చా?”

“చెప్పు.”

“గ్యాసు అయిపోయింది. గంటయింది. మీరు మధ్యలో ఉన్నారు కదా అని ఆగాను.”

సిలిండరు వచ్చేదాకా వంట లేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. నువ్వెక్కడున్నా ఒకసారి వచ్చి వెళ్ళు. మళ్ళీ నెల రెండో ఆదివారం, టెన్ థర్టీ అవర్స్. పదకొండున్నరకి వచ్చినా చాలు. జవాబు రాయి. బొటనవేలు పంపితే మాత్రం ఊరుకోను.

ఇట్లు,
మూడో వరస, కుడి చివర కుర్చీ