కోతుల లీడర్‌ని సాఫ్ట్‌వేర్ పట్టిస్తుందా?

విశాఖ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ చక్కర్లు కొడుతోంది. సారాంశం ఇదీ: కోతుల మెడకు జీపీఎస్ కాలర్లు కట్టి, ఆ డేటా సాఫ్ట్‌వేర్‌లో వేస్తే ఎవరికెవరు స్నేహితులో, గుంపుకి లీడర్ ఎవరో తేలిపోతుందట. ఆ ఒక్కదాన్నీ పట్టుకుపోతే మిగతావి వాటంతటవే అడవిలోకి పోతాయట. కోతుల బెడద పడుతున్నవాళ్ళ గోడు నిజమే గానీ, ఈ మెసేజ్‌లో నిలబడేది చాలా తక్కువ.

"స్నేహితులెవరో చెప్పేస్తుంది." అసలు చిక్కంతా ఇక్కడే. ఈ పనికి ఆర్ అనే కంప్యూటర్ భాషలో (గణాంకాలకి వాడతారు) ఉచిత ప్యాకేజీలు, అంటే రెడీమేడ్ ప్రోగ్రాములు, ఉన్నాయి. వాటిలో ఒకటైన స్పాట్‌సాక్‌కి ముందే రెండు అంకెలు మనమే ఇవ్వాలి: ఎన్ని నిమిషాల తేడాను ఒకే సమయం కింద లెక్కగట్టాలి, ఎన్ని మీటర్ల లోపు ఉంటే కలిసున్నట్టు. 5 నిమిషాలు, 50 మీటర్లు ఇచ్చామనుకోండి. ఒక కోతికి 40 మీటర్ల దూరంలో రెండోది, దానికి ఇంకో 40 మీటర్ల అవతల మూడోది ఉంటే మూడింటినీ ఒకే గుంపులో వేసేస్తుంది, మొదటిదానికీ మూడోదానికీ మధ్య 80 మీటర్లున్నా సరే. 50ని 20 చేయండి, మూడూ విడిపోతాయి. కోతులు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి!

పైగా, సింహాచలం మెట్ల మీద ఎవరైనా అరటిపళ్ళ అత్తం పెడితే, ఒకదాని పొడ ఒకదానికి గిట్టని కోతులు కూడా అక్కడికే చేరతాయి. వాటిని కలిపింది ప్రేమా, పండా అన్నది సాఫ్ట్‌వేర్‌కి తెలియదు. అందుకే పరిశోధకులు ఏ జంతువు ఎప్పుడు ఎక్కడ కనిపించిందన్న రికార్డుల్ని కంప్యూటర్లో పేకముక్కల్లా వేలసార్లు కలిపేసి, ఊరికే కాకతాళీయంగా కూడా ఇంత సాన్నిహిత్యం కనిపిస్తుందా అని సరిచూస్తారు. లార్స్ బెజ్డర్ బృందం 1998లోనే ఈ పద్ధతి చూపించింది. జంతువుల్ని చుక్కలుగా, వాటి సాన్నిహిత్యాన్ని గీతలుగా చూపించే బొమ్మ ఎంత అందంగా ఉన్నా, ఈ పరీక్ష ఊసే లేకపోతే నమ్మదగ్గది కాదు.

"లీడర్ తేలిపోతాడు." గీతల వల మధ్యలో పెద్ద చుక్కగా కనిపించేది ఎక్కువ వాటితో కలిసి కనిపించిన జంతువు, అంతే. కెన్యాలోని మ్పాలా పరిశోధనా కేంద్రంలో ఒకే గుంపులోని దాదాపు 25 బబూన్లకు (ఆఫ్రికాలోని ఒక రకం పెద్ద కోతులు) కాలర్లు కట్టి, సెకనుకోసారి లొకేషన్ తీశారు. 2015లో వచ్చిన ఆ ఫలితం మెసేజ్‌కి పూర్తిగా ఎదురు: ఎటు పోవాలన్నది పెత్తనం చేసే మగ బబూన్ తేల్చలేదు. కొన్ని ఒకవైపు, కొన్ని ఇంకోవైపు కదిలినప్పుడు ఆ రెండు దిక్కులూ దగ్గరదగ్గరగా ఉంటే మిగతావి మధ్యస్తంగా నడిచాయి, బాగా ఎడంగా ఉంటే ఎక్కువ బబూన్లు కదిలిన వైపే పోయాయి. అదీ గుంపులో చాలావాటికి కాలర్లు ఉండబట్టి తెలిసింది. అరవై కోతుల్లో నాలుగింటికి కట్టి లీడర్‌ని తేలుస్తామంటే నవ్వొస్తుంది.

"దాన్ని తీసేస్తే మిగతావి పోతాయి." పరిశోధకురాలు జెస్సికా ఫ్లాక్ బృందం 2006లో పంది తోక మకాక్‌లనే ఒక రకం కోతుల మీద చేసిన ప్రయోగం ప్రచురించింది. కొట్లాటల్లో కలగజేసుకుని సర్దిచెప్పే కొద్ది మగవాటిని తాత్కాలికంగా తప్పించి చూశారు. పోట్లాటలు పెరిగాయి, కలిసి ఆడుకోవడం, పేలు చూసుకోవడం తగ్గాయి. అవి ఆవరణలో పెంచినవి కాబట్టి అడవికి పోయే ప్రశ్న లేదు, నిజమే. కానీ పెద్దని తీసేస్తే గుంపు నెమ్మదిస్తుందనుకునేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

"మనిషి కాపలా అక్కర్లేదు" అని కూడా ఉంది అందులో. పేలు చూస్తున్నా, పీక పట్టుకున్నా జీపీఎస్‌కి రెండూ పక్కపక్కన చుక్కలే. చెట్ల కింద, లోయల్లో అది చూపే లొకేషన్‌లో పొరపాటు కూడా పెరుగుతుంది. నోట్‌బుక్ పట్టుకుని చూసే మనిషి ఉండాల్సిందే.

మెసేజ్‌లో పనికొచ్చే ముక్క ఒకటుంది: కాలర్‌తో దారులు తెలుస్తాయి. గుంపు ఏ వేళకి కొండ దిగుతోంది, ఏ వీధి చెత్తకుండీ దగ్గర ఎంతసేపు ఆగుతోంది అన్నది తేలితే చెత్త బండి వేళ మార్చుకోవచ్చు. గుంపు కలిసే తిరుగుతుంది కాబట్టి దానికి ఒకటో రెండో కాలర్లు చాలు, లీడర్ ఎవరో తేలనక్కర్లేదు.