రెజిన్ కాక్‌పిట్ దండగ అంటున్న ఆ మెసేజ్‌కి నా జవాబు

అసలు విమానాలని కొలతల ప్రకారం తగ్గించి స్కేల్ మోడల్స్ చేసేవాళ్ళ మధ్య ఈమధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు. "రెజిన్ కాక్‌పిట్ కొనడం శుద్ధ దండగ" అని మొదలవుతుంది. రెజిన్ కాక్‌పిట్ అంటే అతికించుకునే ప్లాస్టిక్ కిట్‌లో వచ్చే పార్టుల బదులు పెట్టుకోవడానికి విడిగా కొనే, గట్టిపడే ద్రవం పోసి చేసిన పైలట్ గది, సీటు. కింద కారణాలు ఐదు: కనోపీ (పైలట్ మీది పారదర్శక మూత) మూశాక లోపల ఏమీ కనపడదు, కిట్‌లో వచ్చే పార్టులే ఇప్పుడు అంత బాగుంటున్నాయి, రెజిన్ ఎప్పుడూ సరిగ్గా కూర్చోదు, దాని దుమ్ము విషం, ఇక 3డి డెకాల్స్ (ఉబ్బెత్తుగా అచ్చేసిన అంటింపు బొమ్మలు) వచ్చాక రెజిన్ పనైపోయింది. కొత్తగా మొదలుపెట్టిన కుర్రాళ్ళు ఇది చదివి కొందామనుకున్న సీటు కూడా మానేస్తున్నారు, అది చూసి ఊరుకోలేక రాస్తున్నా. అందులో నిజం అస్సలు లేదని అనను, ఉన్నచోట ఒప్పుకుంటా.

ముందు ఆ "ఏమీ కనపడదు" సంగతి. ఏ విమానంలో కనపడదు? 1/72లో, అంటే అసలు దానిలో డెబ్బైరెండో వంతు సైజులో, మెస్సర్‌ష్మిట్ 109 (రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ ఫైటర్) చేసి కనోపీ మూసేస్తే నిజంగానే ఏమీ కనపడదు, అక్కడ రెజిన్ పెట్టొద్దనే నేనూ చెప్తా. పెద్ద బాంబర్ల పొట్టలో పెట్టేవి అయితే మరీను, బాడీ రెండు సగాలు అంటించాక అవి అక్కడున్నాయని మీకు తప్ప ఇంకెవరికీ తెలీదు. కానీ మన దగ్గర ఎక్కువమంది చేసేది మిగ్-21. 2025 సెప్టెంబర్ 26న మన వాయుసేన చండీగఢ్‌లో దానికి వీడ్కోలు పలికిన దగ్గర్నుంచి ఇంకా ఎక్కువమంది చేస్తున్నారు. దాని రకాల్లో ఎంఎఫ్ అయినా బిస్ అయినా కనోపీ కుడిపక్కకి తెరుచుకుంటుంది, నేలమీద ఆగి ఉన్నట్టు పెడితే లోపల మొత్తం పైనుంచి చూపులకి దొరికిపోతుంది, అందులోనూ మధ్యలో కేఎం-1 ఎజెక్షన్ సీటు (ప్రమాదంలో పైలట్‌ని బయటికి ఎగరేసేది) సింహాసనంలా ఉంటుంది కాబట్టి కన్ను ముందు అక్కడికే పోతుంది. ఆరడుగుల మనిషి 1/48లో 38 మిల్లీమీటర్లు వస్తాడు, అంటే ఆ సీటు ఏమంత చిన్న వస్తువు కాదు, మూడడుగుల దూరం నుంచి కూడా బెల్టులు ఉన్నాయో లేవో తెలిసిపోతుంది. కాబట్టి కనపడదు అనేది మీరు ఏ విమానం చేస్తున్నారు, మూత తెరుస్తారా మూస్తారా అన్నదాన్ని బట్టి ఉంటుంది, అందరికీ కలిపి ఒకే తీర్పు ఇచ్చేస్తే ఎలా?

రెండోది, కిట్ పార్టులే చాలు అనేది. కిట్ కంపెనీ ఎడ్యువార్డ్ వాళ్ళ 1/48 మిగ్-21 2011లో వచ్చింది, ఇప్పటికీ దానికి వంక పెట్టడం కష్టం, అది కొన్నవాళ్ళు లోపల ఏమీ మార్చకుండా చేసినా చక్కగా వస్తుంది. అయినా సరే ప్లాస్టిక్ కిట్‌కి ఒక హద్దుంది, అది కంపెనీ బద్ధకం కాదు, అచ్చు స్వభావం. కిట్ అచ్చు స్టీలుది, మనింట్లో కజ్జికాయల అచ్చు లాగే రెండు చెక్కలు, తిన్నగా తెరుచుకోవాలి. తెరుచుకునే దారికి అడ్డంగా ఏదైనా పొడుచుకొస్తే పార్టు అందులోనే ఇరుక్కుపోతుంది. అందుకే కిట్ సీట్లో బెల్టు వీపుకి అతుక్కుపోయిన గీతలా ఉంటుంది, పైలట్ పక్కనుండే స్విచ్‌ల దిమ్మ (కన్సోల్) పక్కగోడలు నున్నగా ఉంటాయి. రెజిన్ పోసేది సిలికాన్ రబ్బరు అచ్చులో, అది సాగుతుంది కాబట్టి బెల్టు కింద సందు, కుషన్ మడత, బకిల్ వెనక నీడ పడే ఖాళీ అన్నీ అచ్చులోంచి ఊడొస్తాయి. కాకపోతే ఆ రబ్బరు కొన్ని పదుల కాపీలకే అరిగిపోతుంది, మళ్ళీ కొత్త అచ్చు చెయ్యాలి, పైగా ప్రతి ముక్కా చేత్తో పోసి తియ్యాల్సిందే, ధర ఎక్కువ ఉండేది అందుకే. ఎడ్యువార్డ్ వాళ్ళే మంచి కిట్ చేసి మళ్ళీ వాళ్ళే బ్రాసిన్ పేరుతో రెజిన్ సెట్లు ఎందుకు అమ్ముతున్నారంటే, స్టీలు అచ్చుతో రానిది రబ్బరు అచ్చుతో వస్తుంది కాబట్టి.

ఇప్పుడు అసలైన ఫిర్యాదు, సరిగ్గా కూర్చోదు అనేది. దీన్ని కొట్టిపారెయ్యను, ఎందుకంటే నేనూ ఒక బాడీ పాడుచేసుకున్నా. ఒక సెట్ తెచ్చాను, పేరొద్దు, తొట్టి (కాక్‌పిట్ నేల, గోడలు కలిసిన ముక్క) కింద ముందు చక్రం గది కప్పు తగిలి బాడీ సగాలు రెండు మిల్లీమీటర్లు తెరుచుకునే ఉన్నాయి, బలవంతంగా నొక్కి ఫెవిక్విక్ పోశాను, తెల్లారేసరికి ముక్కు దగ్గర చీలిక. అప్పుడు సెట్‌ని తిట్టుకున్నా గానీ తర్వాత కొలిచి చూస్తే తొట్టి అడుగున పోత దిమ్మ (రెజిన్ పోసినప్పుడు మిగిలే అదనపు ముద్ద) నేను పూర్తిగా కొయ్యనేలేదు. సన్న రంపంతో కోసి, అడుగు భాగం గాజుపలక మీద గరుకు కాగితం పరిచి నీళ్ళు పోసి అరగదియ్యాలి, మధ్యమధ్యలో లైటుకి ఎత్తి చూడాలి, రెజిన్ పలచబడి వెలుతురు లీలగా కనపడితే అక్కడ ఆపెయ్యాలి. బాడీ లోపలి గోడకీ ఇదే లెక్క. కిట్ గోడ ఒక మిల్లీమీటరు మందం ఉందనుకోండి, 1/48లో అది నిజం విమానంలో దాదాపు ఐదు సెంటీమీటర్ల రేకు అన్నమాట, అంత మందం గోడకి మళ్ళీ లోపల రెజిన్ ప్యానెల్ అంటిస్తే ఎందుకు పడుతుంది? ముందు గోడ చెక్కాలి, ఆ తర్వాతే ప్యానెల్. గమ్ము రాయకముందు టేపు వేసి ఒకటికి పదిసార్లు కూర్చోబెట్టి చూసుకోవాలి. ఇంకో మాట, సెట్ డబ్బా మీద ఏ కంపెనీ కిట్‌కి చేశారో రాసుంటుంది, అకాడమీ కిట్‌కి చేసింది ఎడ్యువార్డ్ కిట్‌లో పెట్టి కుదర్లేదంటే అది సెట్ తప్పు కాదు. వంకర తిరిగిన ముక్క వస్తే వేడినీళ్ళలో కాసేపు ఉంచితే మెత్తబడుతుంది, తిన్నగా చేసి చన్నీళ్ళలో ముంచెయ్యండి. రంగు నిలవట్లేదు అనేవాళ్ళు చాలామంది పార్టు కడగరు, అచ్చు నుంచి ఊడటానికి రాసిన జిడ్డు దానిమీద ఉంటుంది, విమ్ నీళ్ళలో పాత టూత్‌బ్రష్‌తో రుద్ది ఆరబెట్టి ప్రైమర్ కొట్టండి. మామూలు ప్లాస్టిక్ గమ్ము దీనిమీద పనిచెయ్యదు, ఫెవిక్విక్ లాంటిదో ఎపాక్సీయో వాడాలి.

దుమ్ము విషం అనేది సగం నిజం, సగం భయం. సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, అందులో రెండో మాట లేదు, మాస్కు పెట్టుకోండి, పొడిగా అరగదియ్యకుండా తడిపి రుద్దండి, ఆ బల్ల తడిబట్టతో తుడవండి, పిల్లలున్న గదిలో ఈ పని వద్దు. అయితే ఉబ్బసం తెప్పించే ఐసోసైనేట్ అనే రసాయనం గోల ముఖ్యంగా ద్రవాలు కలిపి రెజిన్ పోసేవాళ్ళది, పూర్తిగా గట్టిపడిన పార్టు కొనుక్కుని నీళ్ళలో అరగదీసేవాళ్ళని కూడా అదే లెక్కలో కట్టి బెదరగొట్టడం న్యాయం కాదు.

ఇక 3డి డెకాల్స్. నాకు ఇష్టమే, క్వింటా స్టూడియో వాళ్ళ మీటర్ల ప్యానెల్ మొదటిసారి చూసినప్పుడు నోట మాట రాలేదు, మీటర్లు అంత సన్నగా చేత్తో నేను వెయ్యలేను. కానీ డెకాల్ అంటే పైపొర, తొట్టి లోతు అది మార్చదు, దిమ్మలా ఉన్న కిట్ సీటుని కేఎం-1గా మార్చలేదు. ఇంకోటి రంగు. మిగ్ లోపలి ఆ నీలం కలిసిన ఆకుపచ్చ ఒక్కో విమానంలో ఒక్కోలా ఎండకి వెలిసి ఉంటుంది, డెకాల్ మీద అచ్చయిన రంగు ఒకటి, మీరు గోడకి వేసింది ఇంకొకటి, పక్కపక్కన పెడితే అతుకు తెలిసిపోతుంది. నేనైతే ప్యానెల్‌కి డెకాల్, సీటుకి రెజిన్ వాడతా, గోడల రంగు డెకాల్ చూసి కలుపుకుంటా. బడ్జెట్ తక్కువ ఉన్నవాళ్ళు మొత్తం సెట్ అక్కర్లేదు, సీటు ఒక్కటి మార్చండి, జెట్ కాక్‌పిట్‌లో సగం పని అదే చేస్తుంది.

మా మావయ్య విమానాల పని చేసే బాలానగర్ హెచ్ఏఎల్‌లో పనిచేసి రిటైరయ్యారు. మిగ్-21కి నాసిక్‌లో బాడీ, కోరాపుట్‌లో ఇంజను, హైదరాబాద్‌లో ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాలు) అని పంచుకుని కట్టిన రోజుల మనిషి. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు నా ఎంఎఫ్ చేతికిచ్చాను. రెక్కల మీద అంత కష్టపడి వేసిన రంగు చూడలేదు, ఫోన్ టార్చి వేసి నేరుగా కాక్‌పిట్‌లోకి దూరారు. ప్యానెల్ మధ్యలో నిలువుగా ఉన్న తెల్లగీత చూపించి, విమానం స్పిన్‌లో పడితే, అంటే గిరగిరా తిరుగుతూ కిందకి పోతుంటే, స్టిక్ నడిమధ్యలో ఉందో లేదో పైలట్ దీన్ని బట్టే చూసుకుంటాడురా అన్నారు. కాసేపు అలాగే చూసి, "సీటు పట్టీలు కూడా పెట్టావే" అని మా అత్తయ్యని కేకేసి పిలిచారు.